జైసల్మేర్ వెళ్తున్నారా? సామ్ టెంట్లు వదిలేసి ఖూరీలో ఉండండి

రాజస్థాన్‌లో జైసల్మేర్ దగ్గరుండే సామ్ ఇసుక దిబ్బల్లో మేం దిగిన టెంట్ క్యాంపు మనిషికి 3,200 చొప్పున మా ముగ్గురి దగ్గర 9,600 తీసుకుంది. మా ఆయన వైజాగ్‌లో ఉండగానే ఆన్‌లైన్‌లో మొత్తం కట్టేశారు. ఒంటె సవారీ, జానపద సంగీతం, రాత్రి భోజనం అన్నీ అందులోనే అని రాశారు. తీరా వెళ్లాక ఒంటె ఎక్కే చోట మనిషికి ఇంకో 400 అడిగారు. ఫ్రీ సవారీ అంటే గేటు దాకా తిప్పి తేవడమేనట, దిబ్బ మీదకి వెళ్లాలంటే వేరే కట్టాలట. బుకింగ్ కాగితం చూపిస్తే మేనేజరు చూడనైనా చూడకుండా పక్కన పెట్టేశాడు. పాట కచేరీ అరగంటలో ముగించి, అర్ధరాత్రి దాకా స్పీకర్లలో సినిమా పాటలు వేశారు. దానికి తోడు జనరేటర్ మోత. జనవరి చలికి వాళ్లిచ్చిన పల్చటి రజాయిలు ఏ మూలకీ సరిపోలేదు. "ఇంత దూరం వచ్చి పెళ్లిపందిరి పక్కన పడుకున్నట్టుందమ్మా" అని మా అత్తయ్య శాలువా కప్పుకుని కూర్చుండిపోయారు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు.

అక్కడ నాకు నచ్చింది ఒకే ఒక్క మనిషి. స్పీకర్లు మొదలవగానే కమాయిచా అనే కమానుతో వాయించే తీగల వాద్యం వాయించిన పెద్దాయన దాన్ని పట్టుకుని వంటశాల వెనక నెగడు దగ్గరికి వెళ్లిపోయారు. మేమూ వెళ్లి కూర్చున్నాం. ఆయన మాంగణియార్, అంటే పాటే వృత్తిగా బతికే వాళ్ల మనిషి. వీళ్లు ముస్లింలు. అయినా తరతరాలుగా రాజపుత్రుల ఇళ్లలో బిడ్డ పుట్టినా, పెళ్లి జరిగినా వీళ్లొచ్చి పాడాల్సిందే. ఆ ఇళ్ల వంశావళి కూడా వీళ్లకి నోటికొచ్చు. కమాయిచాని మామిడి చెక్క తొలిచి చేస్తారని, గుండ్రటి డొప్పకి మేకతోలు బిగిస్తారని చూపించారు. మేం అడగకుండానే చాలాసేపు వాయించారు. నలుగురి బృందానికి కలిపి క్యాంపు ఇచ్చేది రాత్రికి 1,500 అని ఆయన చెబితే నాకు ఒళ్లు మండింది. 500 ఆయన చేతిలో పెట్టాం. మీరు ఇచ్చినా ఆ కళాకారుల చేతికే ఇవ్వండి, క్యాంపు కౌంటర్‌లో కాదు.

జైసల్మేర్‌లో కోట, హవేలీలు, గడీసర్ చెరువు ఒక్క రోజులో హాయిగా చూసేశాం. 1156లో కట్టిన ఆ కోటలో ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు. అక్కడి ట్రావెల్ ఏజెంటు మాత్రం "ఖూరీలో ఏముంది, ఏమీ లేదు" అని మళ్లీ సామ్‌కే పంపాలని చూశాడు. కమీషన్ ఎక్కడొస్తుందో అక్కడికే వాళ్లు దారి చూపిస్తారు. మేం 1,800కి జీపు మాట్లాడుకుని ఖూరీ అనే పల్లెకి వెళ్లిపోయాం. జైసల్మేర్‌కి నైరుతి దిక్కున యాభై కిలోమీటర్ల లోపే.

అక్కడ ఓ కుటుంబం ఇంట్లో దిగాం. మట్టిగోడలు, పేడతో అలికిన నేల, గడ్డి కప్పిన గుండ్రటి గుడిసె. రెండు పూటలా భోజనం, టీలతో మనిషికి 1,100. ముందుగా ఒక్క రూపాయి అడగలేదు. క్యాంపు డబ్బు పోయిందని మొహం ముడుచుకుని ఉన్న మా ఆయన, నెయ్యి వేసిన సజ్జ రొట్టె, ఎండుమిర్చి వెల్లుల్లి చట్నీ, మజ్జిగ కఢీ తిన్నాకే మనిషయ్యారు. వాటితో పాటు కేర్ అనే ఎడారి కాయలు, సాంగ్రీ కలిపి చేసిన కూర పెట్టారు. సాంగ్రీ అంటే ఏమిటని అత్తయ్య సైగ చేస్తే ఇంటి పెద్దావిడ చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లింది. చెట్టు చూడగానే అత్తయ్య "ఇది మన జమ్మి చెట్టే!" అని అరిచినంత పని చేశారు. ప్రతి దసరాకీ పూజ చేసే చెట్టు కాయల్ని కూరగా తినడం ఆవిడకి అదే మొదలు. వాళ్లూ దసరాకి ఆ చెట్టుకి మొక్కుతారట. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు ఈ చెట్లు నరకడానికొస్తే, ఖేజర్లీ ఊళ్లో అమృతాదేవి మొదలుకొని చెట్లని, జంతువుల్ని కాపాడటం ధర్మంగా భావించే బిష్ణోయీలు 363 మంది చెట్లని కౌగలించుకుని ప్రాణాలిచ్చిన సంగతి ఆ ఇంటబ్బాయి చెప్పాడు.

ఎక్కువ మాటలు నడిచింది నీళ్ల గురించే. జైసల్మేర్ వైపు ఏడాది మొత్తం మీద కురిసేది ఇంచుమించు 200 మిల్లీమీటర్లే. మనకి తుఫాను పట్టిందంటే ఒక్క రోజులో అంత పడుతుంది. వాళ్లింటి పక్కన నేలని చుట్టూ వాలుగా చదును చేసి, పడిన ప్రతి చుక్కా మధ్యలోని మూత వేసిన తొట్టెలోకి జారేలా కట్టుకున్నారు. దాన్ని టాంకా అంటారు. సముద్రం ఒడ్డున ఉంటారు కాబట్టి మీకు నీళ్ల బాధే ఉండదేమో అంది పెద్దావిడ. భీమిలిలో చిన్నప్పుడు బావి నీళ్లు ఉప్పగా ఉండేవని, మంచినీళ్లకి బిందెతో దూరం నడిచేవాళ్లమని అత్తయ్య చెప్పారు. మా ఆయన దాన్ని హిందీలో, ఆ అబ్బాయి మార్వాడీలో చెప్పేసరికి పెద్దావిడ అత్తయ్య భుజం తట్టి, ఇక్కడా తవ్వితే ఉప్పునీళ్లే అంది. అప్పట్నుంచి వాళ్లిద్దరి మధ్య మా సాయం అక్కర్లేకపోయింది.

జైసల్మేర్ దగ్గర ఎప్పుడో ఖాళీ అయిపోయిన ఊరు కుల్ధారా గురించి కూడా ఆ ఇంటబ్బాయి చెప్పిందే పనికొచ్చింది. అక్కడి గైడు 300 తీసుకుని దయ్యాల కథలు చెప్పాడంతే. ఆ ఊరి పాలీవాల్ బ్రాహ్మణులు వాన నీటికి గట్టు అడ్డం వేసి, ఆ తేమ మీదే గోధుమ పండించేవారని, ఆ పొలాల్ని ఖడీన్ అంటారని ఆ గైడు ఒక్క ముక్క చెప్పలేదు.

వెళ్లాలనుకుంటే నవంబరు, ఫిబ్రవరి మధ్యలో వెళ్లండి. విశాఖపట్నం నుంచి జోధ్‌పూర్ పక్కన భగత్ కీ కోఠీకి వారానికొక రైలుంది, పెద్దవాళ్లతో అయితే ఏసీలోనే వెళ్లండి. ఊళ్లో ఆడవాళ్ల ఫొటోలు అడక్కుండా తియ్యకండి. ఇచ్చిన బకెట్ నీళ్లతోనే సరిపెట్టుకోండి. మేం ఖూరీలో ఇంకో రాత్రి ఉండిపోయి పాకిస్తాన్ సరిహద్దు దగ్గరి తనోత్ వైపు ప్రయాణం మానేశాం. అటువైపే ఉన్న, 1971 యుద్ధం జరిగిన లోంగేవాలా చూడలేదని మా ఆయనకి కాస్త వెలితిగానే ఉంది. అత్తయ్య మాత్రం ఎండిన సాంగ్రీ అరకిలో మూటగట్టించుకుని మరీ బయల్దేరారు.