కరాటే కటా, ఎంఎంఏ కేజ్: తేడా ఎక్కడుంది?

దెబ్బల మీద నడిచే కరాటే గొప్పా, పట్టుల మీద నడిచే జుజిట్సు గొప్పా అన్న వాదం చాలాకాలం మాటల్లోనే నడిచింది. 1993 నవంబర్ 12న అమెరికాలోని డెన్వర్‌లో వేర్వేరు యుద్ధకళలవాళ్లు తలపడే యూఎఫ్‌సీ పోటీ మొదటిసారి జరిగింది. బ్రెజిల్‌కి చెందిన సన్నపాటి జుజిట్సు ఆటగాడు హోయ్స్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీశాడు. ఫైనల్లో ఎదురైన గెరార్డ్ గోర్డో కరాటే, సవాట్ (ఫ్రెంచ్ కిక్‌బాక్సింగ్) నేర్చినవాడు. గ్రేసీ అతణ్ణి కింద పడేసి, వెనకనుంచి మెడ చుట్టూ చెయ్యి బిగించాడు. అంతే, పోటీ ముగిసింది.

తేడా అంతా సాధనలోనే ఉంది. కటా అంటే కరాటేలో ఒంటరిగా వరసపెట్టి చేసే కదలికలు; అందులో ఊహించుకున్న దెబ్బ ఎటునుంచి వస్తుందో ముందే తెలుసు. దెబ్బలూ పట్లూ కలిసిన ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) సాధనలో అవతలివాడు పట్టు దొరకనివ్వడు, తోస్తాడు, తప్పించుకుంటాడు. 2017లో చైనాలోని చెంగ్డులో ఎంఎంఏ ఆటగాడు షూ షియావ్‌డాంగ్ ముందు తైచీ అనే చైనా యుద్ధకళ గురువు వెయ్ లెయ్ అర నిమిషం కూడా నిలవలేకపోయాడు. కారణం ఇదేనని నా నమ్మకం.

అలాగని కరాటేని తీసిపారేస్తే నేనొప్పుకోను. షోటోకాన్ అనే కరాటే శైలిలో పెరిగిన లియోటో మచీడా 2009లో యూఎఫ్‌సీ లైట్ హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. దూరం కొలుచుకుంటూ, ఎదుటివాడు అడుగు వేసే క్షణంలోనే గుద్దే ఆ ఒడుపు కరాటేదే. కాకపోతే అతను జుజిట్సు కూడా నేర్చాడు.

పిల్లల్ని ఎక్కడ చేర్చాలని అడిగితే బోర్డు మీది పేరు చూడొద్దంటాను. వారంలో ఎన్నిసార్లు ఎదురెదురుగా తలపడనిస్తారో అడగండి.