సాల్మొనెల్లా ఆనవాలు పట్టడానికి ఏది మేలు: సెరోటైపింగా, జెల్ బ్యాండ్లా, జీనోమ్ సీక్వెన్సింగా?

సాల్మొనెల్లా అంటే తిండి ద్వారా సోకి విరేచనాలు, టైఫాయిడ్ తెచ్చే బ్యాక్టీరియా. తిరుపతిలో థీసిస్ టాపిక్‌లు ఖరారయ్యే రోజులొస్తే నాకు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. వెటర్నరీ పీజీ పిల్లలు అడుగుతారు, మెడికల్ మైక్రోబయాలజీ వాళ్లూ అడుగుతారు. "మేడమ్, చికెన్ అంగళ్ల నుంచి, గుడ్ల నుంచి, పేషెంట్ల నుంచి సాల్మొనెల్లా తీస్తున్నాం. అన్నీ ఒకటేనా కాదా అని తేల్చాలంటే సెరోటైపింగ్ చాలా? ఈరిక్ పీసీఆర్‌తో సరిపెట్టుకోవచ్చా? సీక్వెన్సింగ్‌కి పంపాల్సిందేనా?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను. సెరోటైపింగ్ అంటే క్రిమి పైనున్న గుర్తులను బట్టి రకం చెప్పడం, ఈరిక్ పీసీఆర్ అంటే డీఎన్ఏలో మళ్లీ మళ్లీ వచ్చే వరుసల మధ్య ముక్కల్ని పెంచి జెల్ మీద బ్యాండ్లుగా చూడటం, సీక్వెన్సింగ్ అంటే డీఎన్ఏని అక్షరం అక్షరంగా చదవడం. శాంపిల్ నుంచి విడిగా తీసి పెంచిన క్రిమిని ఐసోలేట్ అంటాం. కల్చర్ (ల్యాబ్‌లో క్రిమిని పెంచడం), ఎక్స్‌ఎల్‌డీ అనే అగార్ ప్లేటు మీద నల్లటి నడిమిచుక్క ఉన్న ఎర్ర కాలనీలు మీకు తెలిసినవే, వాటి జోలికి వెళ్లను.

ముందు సెరోటైపింగ్. క్రిమి పైపొర మీది ఓ, తోకల్లాంటి కశాభాల మీది హెచ్ అనే యాంటిజెన్లను బట్టి 2,500కు పైగా సెరోటైపులున్నాయి. దీని బలమంతా ఆ పేరులోనే ఉంది. ఎంటరైటిడిస్ అనగానే కోడి, గుడ్డు వైపు చూస్తాం. గ్యాలినేరం అయితే అది కోళ్ల టైఫాయిడ్, ఫారానికి నష్టమే గానీ మనుషులకు దాదాపు రాదు. టైఫాయిడ్ తెచ్చే టైఫీ అయితే మనిషిలో తప్ప ఇంకెక్కడా కాపురం చేయదు. ఈ తేడా పట్టించుకోక, టైఫాయిడ్ కేసుల మూలం కోసం చుట్టుపక్కల కోళ్ల ఫారాల్లో శాంపిల్స్ తీస్తామని రాసుకున్న సినాప్సిస్‌లు (థీసిస్ ప్రణాళికలు) నా దగ్గరికి వచ్చాయి. టైఫాయిడ్‌కి వెతకాల్సింది తాగే నీళ్లలో, వంట చేసేవాళ్లలో, రోగం తగ్గాక కూడా క్రిమిని మోస్తున్న మనుషుల్లో.

కానీ సెరోటైపు ఇంటిపేరు లాంటిది. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు ఒకరు పీలేరులో, ఒకరు పలమనేరులో ఉంటారు, వాళ్లకి చుట్టరికమే ఉండకపోవచ్చు. పేషెంట్‌లో ఎంటరైటిడిస్, అంగడి గుడ్డులో ఎంటరైటిడిస్ వచ్చిందని ఆ గుడ్డే కారణమని రాసేస్తే తప్పు. ప్రపంచమంతా తిరిగే సెరోటైపు అది. పైగా పూర్తి సెరోటైపింగ్‌కి కావాల్సిన సీరాలన్నీ (యాంటిజెన్లను గుర్తించే యాంటీబాడీ ద్రవాలు) ఏ కాలేజీ ల్యాబూ పెట్టుకోలేదు. మనుషుల నుంచి తీసినవాటికి కసౌలీలోని సెంట్రల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో జాతీయ కేంద్రం ఉంది, పశుపక్ష్యాదుల నుంచి తీసినవాటికి ఇజ్జత్‌నగర్‌లోని ఐవీఆర్ఐలో (భారత పశువైద్య పరిశోధన సంస్థ) ఇంకొకటి ఉంది. ఒకే ఊళ్లో దొరికిన రెండు ఐసోలేట్లు ఇలా రెండు దారుల్లో వెళ్లిపోతాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

జెల్ పద్ధతుల్లో పెద్దది పీఎఫ్‌జీఈ (పల్స్‌డ్ ఫీల్డ్ జెల్ ఎలక్ట్రోఫోరెసిస్). ఎక్స్‌బీఏ-1 ఎంజైముతో డీఎన్ఏని పెద్ద ముక్కలు చేసి, రాత్రంతా జెల్ మీద నడిపి, బ్యాండ్ల వరుస చూస్తాం. 1996లో అమెరికాలో మొదలైన పల్స్‌నెట్ అనే ల్యాబ్‌ల నెట్‌వర్క్ దీన్నే నమ్ముకుని రెండు దశాబ్దాలకు పైగా అవుట్‌బ్రేక్‌లు పట్టింది. ఆ గౌరవం దానికి ఇవ్వాలి. అయితే ఎంటరైటిడిస్ దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేసింది. చుట్టరికం లేనివి కూడా పెద్ద భాగం ఒకే బ్యాండ్ వరుసలో వచ్చి పడేవి. మన గుడ్ల సమస్యకి అది పనికిరాదని అక్కడే తేలిపోయింది.

ఈరిక్ పీసీఆర్ చవక, ఒక్క రోజులో అయిపోతుంది, అందుకే థీసిస్‌లలో అంతగా కనిపిస్తుంది. నా పీజీలో నేనూ అదే చేశాను. చికెన్ అంగళ్ల ఐసోలేట్లకి అందమైన బ్యాండ్లు, డెండ్రోగ్రామ్ (ఏది దేనికి దగ్గరో చూపే కొమ్మల బొమ్మ), అన్నీ వచ్చాయి. ఆ తర్వాత వేరే ల్యాబ్‌లో పేషెంట్ల ఐసోలేట్ల మీద అదే పని జరిగిందని తెలిసి, రెండు జెల్ ఫొటోలు పక్కపక్కన పెట్టాను. పోల్చడానికే కుదరలేదు. వాళ్ల ప్రైమర్ గాఢత వేరు, మార్కర్ వేరు, రన్ టైమ్ వేరు. సరే, ఐసోలేట్లు తెప్పించి మళ్లీ ఒకే జెల్ మీద నడుపుదామంటే వాళ్లు పారేశారు. క్రిమిని దాచుకున్న నా స్లాంట్లు (అగార్ ట్యూబులు) ఎండిపోయాయి. రెండేళ్ల కష్టంలో మిగిలింది ఒక ఫొటో. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

క్రిమిని ఏ వైరస్‌లు చంపుతాయో చూసి రకం చెప్పే ఫేజ్ టైపింగ్ ఇప్పుడు మీరు మొదలుపెట్టే పని కాదు. డీఎన్ఏలో పక్కపక్కనే మళ్లీ వచ్చే వరుసలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టే ఎంఎల్‌వీఏ కొన్ని సెరోటైపులకే బాగా పనిచేస్తుంది. ఏడు జన్యువుల వరుసలు మాత్రమే చదివే ఎంఎల్‌ఎస్‌టీ విడిగా చేయించుకోవడం దండగ, సీక్వెన్స్‌లో అది ఎలాగూ వస్తుంది.

ఇక జీనోమ్ సీక్వెన్సింగ్. సాల్మొనెల్లా జీనోమ్ సుమారు 48 లక్షల అక్షరాలు. రెండు ఐసోలేట్ల మధ్య ఎన్ని అక్షరాలు మారాయో లెక్కపెట్టవచ్చు. ఇంగ్లండ్‌లో 2014 నుంచి సాల్మొనెల్లాకి ఇదే మామూలు పరీక్ష, అయిదు స్నిప్‌ల (అంటే మారిన అక్షరాల) లోపు తేడా ఉన్నవాటిని ఒక గుంపుగా చూసి ఆరా మొదలుపెడతారు. పల్స్‌నెట్ కూడా 2019లో దీనికి మారింది. అందరూ దీని సూక్ష్మతనే పొగుడుతారు. నాకు అంతకన్నా పెద్ద విషయం, ఫలితం అక్షరాల్లో ఉండటం. తిరుపతిలో చదివిన వరుసని చిత్తూరు గుడ్డుతో, నామక్కల్ ఫారంతో, యూరప్ పేషెంట్‌తో, పదేళ్ల తర్వాత వచ్చే ఐసోలేట్‌తో పోల్చవచ్చు. ఎవరి జెల్ ఎలా నడిచిందన్న గొడవ లేదు. సెరోటైపు కూడా సెక్‌సెరో లాంటి టూల్‌తో అందులోంచే తీయవచ్చు, మందులకి లొంగకుండా చేసే జన్యువులూ కనిపిస్తాయి. ఎంటరోబేస్ అనే ఆన్‌లైన్ జీనోమ్ డేటాబేస్‌లో పోల్చుకోవడం ఉచితం.

2022లో చాక్లెట్ తిన్న చిన్నపిల్లలకు చాలా దేశాల్లో మోనోఫేసిక్ టైఫీమ్యూరియం అనే సాల్మొనెల్లా రకం సోకింది. బ్రిటన్‌లో కొన్ని కేసుల సీక్వెన్సులు ఒకటిగా కనిపించి మొదట అనుమానం వచ్చింది, ఆ వరుసలు మిగతా దేశాలతో పంచుకున్నారు. చివరికి బెల్జియంలోని అర్లాన్ చాక్లెట్ ఫ్యాక్టరీలో 2021 డిసెంబరు నుంచి తీసిన శాంపిల్స్‌లో అదే క్రిమి ఉన్నట్టు తేలింది. జెల్ ఫొటోలతో ఇంత సులువుగా అయ్యే పని కాదిది.

కాబట్టి నా ఓటు సీక్వెన్సింగ్‌కే. కానీ పోల్చడానికి అవతలి వైపు నుంచి ఏదో ఒకటి ఉండాలి కదా. 2008లో అమెరికాలో సెయింట్‌పాల్ సెరోటైపు 1,400 మందికి పైగా సోకింది. పేషెంట్లందరిలో ఒకే పీఎఫ్‌జీఈ వరుస అని ల్యాబ్ సరిగ్గానే చెప్పింది. కానీ తిండి వైపు ఐసోలేట్ చేతిలో లేక, ముందు టమాటాలని అనుమానించారు, రైతులు నష్టపోయారు. తర్వాత హాలపీన్యో, సెరానో మిరపకాయల్లో, మెక్సికో తోట సాగునీళ్లలో అది దొరికింది.

మన దగ్గర లోటు ఇంకా ముందే మొదలవుతుంది. జ్వరమొస్తే వైడల్ అనే టైఫాయిడ్ రక్తపరీక్ష చీటీ, వెంటనే మందు. వైడల్ చూసేది రక్తంలోని యాంటీబాడీలని, క్రిమి చేతికే రాదు. కల్చర్ పెట్టని చోట ఏ సీక్వెన్సర్ ఉన్నా లాభం లేదు. పచ్చిగుడ్డు మయోనైజ్‌ని తెలంగాణ 2024 అక్టోబరులో, తమిళనాడు 2025 ఏప్రిల్‌లో ఏడాదిపాటు నిషేధించాయి. అలాంటి మయోనైజ్ తిని విరేచనాలైన కేసు మన ఊళ్లో వచ్చినప్పుడు పేషెంట్ మలం, మిగిలిన మయోనైజ్, గుడ్డు వచ్చిన ఫారం, మూడూ కల్చర్‌కి వెళ్లాలి.

బడ్జెట్ తక్కువగా ఉంటే అరవై ఐసోలేట్లకి ఈరిక్ చేయకండి. అన్నిటినీ నిలవ చేసి, మూడు వైపుల నుంచీ కలిపి పది ఎంచుకుని సీక్వెన్సింగ్‌కి పంపండి. ఒకవైపు నుంచే పదీ పంపితే నా డెండ్రోగ్రామ్ కథే మళ్లీ. ఐసోలేట్లు రెండు దారుల్లో వెళ్లిపోతాయని చెప్పాను కదా, అందుకే మెడికల్ వాళ్లూ వెటర్నరీ వాళ్లూ ఒకే ఏడాది, ఒకే నెలల్లో శాంపిల్ తీసేలా సినాప్సిస్ రాసే ముందే మాట్లాడుకోండి. సీక్వెన్సులు దగ్గరగా వచ్చాయని కోడి నుంచి మనిషికి వచ్చిందని మాత్రం రాసేయకండి, ఏ వైపు నుంచి ఏ వైపుకి వెళ్లిందో ఆ స్నిప్‌ల అంకె ఒక్కటే చెప్పదు. తేదీలు, ఎవరు ఏం తిన్నారు, గుడ్ల ట్రే ఎక్కణ్ణుంచి దిగింది అన్న వివరాలు కావాలి. గ్లిసరాల్ స్టాక్‌లు (గ్లిసరాల్ కలిపి గడ్డకట్టించిన క్రిమి నిల్వలు) మైనస్ 80 డిగ్రీల్లో రెండు చోట్ల పెట్టండి, ఒకటి మీ ల్యాబ్‌లో, ఒకటి అవతలి కాలేజీలో.