జింజర్ స్నాప్స్: 1815 కథ మేలా, మొదటి సినిమా మేలా?

అక్కాచెల్లెళ్ళ చుట్టూ అల్లిన తోడేలు మనుషుల కథల్లో కెనడా వాళ్ళ ‘జింజర్ స్నాప్స్’కి సాటి వచ్చేది నాకు ఇంతవరకు కనబడలేదు. మొత్తం మూడు భాగాలు. మొదటిది 2000లో వచ్చింది. జాన్ ఫాసెట్ దర్శకుడు, కారెన్ వాల్టన్ రచయిత్రి. మిగతా రెండూ ఒకదాని వెంట ఒకటి షూటింగ్ చేసుకుని 2004లో బయటికొచ్చాయి. రెండోది ‘అన్‌లీష్డ్’, మూడోది ‘జింజర్ స్నాప్స్ బ్యాక్: ది బిగినింగ్’.

చూసినవాళ్ళ మధ్య వాదన వచ్చేది ఎక్కువగా ఈ మూడోదాని దగ్గరే. మొదటి సినిమా బాగుందని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. మూడోది మాత్రం అదే అక్కాచెల్లెళ్ళను, అవే పేర్లతో, అదే నటీమణులతో తీసుకెళ్ళి 1815లో, మంచు మధ్య ఒక చెక్క కోటలో పడేస్తుంది. కొందరికి అది ప్రాణం, కొందరికి చిరాకు. ముగింపుల జోలికి వెళ్ళకుండా ఈ సినిమాలను పోల్చడం కుదరదు. ఇంకా చూడనివాళ్ళుంటే ముందు మొదటి సినిమా చూసొచ్చి మిగతాది చదవండి.

మొదటి సినిమాలో కథ జరిగేది బెయిలీ డౌన్స్ అనే ఊళ్ళో. ఊరు కల్పితమే. అన్నీ ఒకేలా కనిపించే ఇళ్ళ కాలనీ, వీధుల్లో కుక్కల్ని చీల్చి చంపుతున్న ఏదో జంతువు. అక్క జింజర్‌కి, చెల్లెలు బ్రిజిట్‌కి ఇద్దరికిద్దరే లోకం. తాము ఎన్ని రకాలుగా చచ్చిపోవచ్చో నటిస్తూ ఫొటోలు తీసుకుని స్కూల్ ప్రాజెక్టుగా చూపించే రకం. బతికినా చచ్చినా కలిసే అని ఒట్టు పెట్టుకున్నారు. జింజర్ పెద్దమనిషైన రాత్రే ఆ జంతువు ఆమెను కరుస్తుంది.

ఆ తర్వాత జరిగేవన్నీ రెండు రకాలుగానూ అర్థమవుతాయి. ఒంట్లో నొప్పి, కొత్తగా మొలిచే వెంట్రుకలు, ఎందుకొస్తుందో తెలియని కోపం, మగపిల్లల మీద ధ్యాస. ఇదంతా తోడేలు రక్తమా, ఆ వయసా? అక్కాచెల్లెళ్ళిద్దరూ స్కూల్లో నర్సు దగ్గరికి వెళ్ళే సీన్ ఉంటుంది. ఆవిడ నవ్వుముఖంతో, హాయిగా, రక్తస్రావం గురించీ కడుపునొప్పి గురించీ వివరాలన్నీ చెప్పి, అంతా మామూలేనమ్మా అని పంపించేస్తుంది. ఈ పిల్లలు భయంతో చెప్పుకున్న ప్రతి లక్షణానికీ ఆవిడ దగ్గర ఒక మామూలు జవాబు ఉంది. అందుకే నిజంగా ఏం జరుగుతోందో పెద్దవాళ్ళెవరికీ తెలియదు. ఇంట్లో తల్లి (మిమీ రోజర్స్) కేక్ తెచ్చి సంబరపడుతుంది. ఓణీల ఫంక్షన్‌లో కుర్చీ మీద కూర్చోబెడితే తలెత్తలేక నలిగిపోయిన అమ్మాయిలు ఎవరైనా సరే, ఆ భోజనాల బల్ల దగ్గర జింజర్ ముఖం చూస్తే చాలు, ఆమె అవస్థ ఇట్టే తెలిసిపోతుంది.

ఈ బలమే మూడో భాగంలో లేదన్నది చాలామంది ఫిర్యాదు. వాళ్ళు చెప్పేది నిజమే. 1815 కథలో జింజర్ శరీరం మారుతుంది కానీ ఆ మార్పుకి ఎదిగే వయసుతో ముడి లేదు. కోటలో దాచిపెట్టిన ఒక కుర్రాడు కరవడం వల్ల ఆమెకు ఆ రోగం అంటుతుంది, అంతే. మొదటి సినిమాని ఆ ఒక్క పోలిక కోసమే గుండెకు హత్తుకున్నవాళ్ళకి ఇది వెలితిగానే ఉంటుంది.

రెండో ఫిర్యాదు మాటల గురించి. కోటలో మగవాళ్ళందరూ పాతకాలపు మనుషుల్లా మాట్లాడుతుంటే, ఈ అమ్మాయిలిద్దరి మాట తీరూ, విసురూ 2000 నాటి హైస్కూల్ పిల్లల్లాగే ఉంటాయి. కావాలనే చేశారని సమర్థించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళిద్దరూ ఏ కాలంలో పుట్టినా అక్కడ ఇమడరని చెప్పడానికే అలా రాశారంటారు. ఆ ఆలోచన నాకు నచ్చింది గానీ తెర మీద అది పూర్తిగా కుదరలేదు. జానపద సినిమాలో రాకుమారి ఉన్నట్టుండి కాలేజీ అమ్మాయిలా మాట్లాడితే మనం ఉలిక్కిపడమూ? ఇక్కడా అదే ఇబ్బంది. సినిమా సగానికి వచ్చేసరికి అలవాటైపోతుంది గానీ, మొదటి అరగంట మాత్రం కథలోకి పూర్తిగా దిగనివ్వదు.

ఇక మూడో ఫిర్యాదు విన్నప్పుడు మాత్రం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. ‘వీళ్ళు మొదటి సినిమా పిల్లల పూర్వీకులా, గత జన్మా, లేక ఇంకో లోకమా? సినిమా ఎందుకు తేల్చి చెప్పదు?’ అని అడుగుతారు. మనకి ఇది అసలు సమస్యే కాదు. ‘మగధీర’లో నాలుగు వందల ఏళ్ళ కిందటి ప్రేమని, ‘అరుంధతి’లో జేజమ్మ ముఖాన్ని మునిమనవరాలిలో ఎవరూ లాజిక్ అడగకుండానే ఒప్పుకున్నాం. 1815లో జరిగినదే మళ్ళీ బెయిలీ డౌన్స్‌లో జరుగుతుందని, ఈ ఇద్దరినీ ఏదో శాపం వెంటాడుతోందని అనుకుంటే చాలు. సినిమా అంతకు మించి చెప్పనవసరం లేదు.

ఫిర్యాదులు పక్కనపెట్టి ఈ మూడో భాగం దేంట్లో గెలిచిందో చూద్దాం. మొదటిది, చోటు. 1815 అంటే కెనడాలో బొచ్చు తోళ్ళ వ్యాపారం కోసం హడ్సన్స్ బే కంపెనీ, నార్త్ వెస్ట్ కంపెనీ కొట్టుకుంటున్న రోజులు. యూరప్‌లో టోపీల కోసం బీవర్ అనే జంతువు బొచ్చు కావాలి, దానికోసం అడవుల మధ్య కోటలు కట్టుకుని చలికాలమంతా మనుషులు అక్కడే పడి ఉండేవాళ్ళు. 1821లో ఆ రెండు కంపెనీలూ కలిసిపోయేదాకా ఆ పోరు ఆగలేదు. సినిమాలో కంపెనీ పేరు కల్పితమే గానీ పరిస్థితి మాత్రం అదే. సరుకుల కోసం వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు, బయట గోడల చుట్టూ ఏవో తిరుగుతున్నాయి, లోపల తిండి తగ్గిపోతోంది.

షూటింగ్ జరిగింది ఎడ్మంటన్‌లోని ఫోర్ట్ ఎడ్మంటన్ పార్క్‌లో. 1846 నాటి హడ్సన్స్ బే కోటని ఉన్నదున్నట్టు మళ్ళీ కట్టి సందర్శకులకు చూపించే చోటు అది. అందుకే దుంగల గోడలు, పెద్ద గేటు, ఇరుకు గదులు సినిమా సెట్టింగులా తేలిపోవు. మొదటి సినిమాలో కాలనీ ఎంత మామూలుగా ఉంటే భయం అంత పెరుగుతుంది. ఇక్కడ చోటే భయపెడుతుంది. కథ సంగతి మర్చిపోయినా ఆ మంచు, ఆ కోట గుర్తున్నాయనే ప్రేక్షకులు చాలామందే ఉంటారు, వాళ్ళ మాట నేను కాదనను.

ఇంకో చిన్న వివరం నాకు చాలా నచ్చింది. కోటలోకి వచ్చినవాళ్ళకి రోగం అంటిందో లేదో తేల్చడానికి అక్కడి డాక్టర్ జలగని వాడతాడు. ఆ కాలంలో వైద్యులు రక్తం తీయడానికి జలగల్ని మామూలుగానే వాడేవాళ్ళు. కాలానికి తగిన వస్తువుని తీసుకుని దాన్నే టెన్షన్ పెట్టే సాధనంగా మార్చారు. వెండి తూటాలు, పున్నమి చంద్రుడు లాంటి పాత సరంజామా మీద ఆధారపడే సినిమాల కన్నా ఇది ఎంతో తెలివైన పని.

ఇక మనుషులు. ఆ కోటంతా మగవాళ్ళే. ఇద్దరమ్మాయిలు గేటు దాటి లోపలికి రాగానే ఒక్కొక్కడి చూపు ఒక్కో రకం. బైబిల్ పట్టుకుని పాపం, శాపం అని అరిచే రెవరెండ్ గిల్బర్ట్ (హ్యూ డిల్లన్) వాళ్ళను చూడగానే దయ్యాల కింద లెక్కగడతాడు. మొదటి సినిమాలో భయం జింజర్ ఒంట్లోంచి పుడుతుంది. ఇక్కడ బయట తోడేళ్ళు, లోపల మగవాళ్ళు, మధ్యలో వీళ్ళిద్దరూ. ఎదిగే వయసు పోలికని వదిలేసినా దాని చోట్లో ఇంకో నిజమైన భయాన్ని పెట్టారని నేను అనుకుంటాను. కోట పెద్ద వాలెస్ (టామ్ మెక్‌కేమస్) కథలో కాస్త బరువుంది. తన కొడుక్కి రోగం అంటిందని తెలిసీ చంపుకోలేక దాచుకున్నాడు. ప్రేమించినవాళ్ళని చంపాలా, కాపాడుకోవాలా అన్న ప్రశ్న అక్కాచెల్లెళ్ళ కన్నా ముందు అతని ముందుకే వచ్చింది. ఆ కొడుకే జింజర్‌ని కరుస్తాడు.

ఆదివాసీ పాత్రల మీద వచ్చిన విమర్శ మాత్రం ఒప్పుకోక తప్పదు. అడవిలో జోస్యం చెప్పే ముసలావిడ, ఎక్కువ మాట్లాడకుండా దారి చూపించే వేటగాడు. ఇద్దరూ ఈ అమ్మాయిల కథ నడవడానికే ఉన్నారు తప్ప వాళ్ళకంటూ ఒక బతుకు లేదు. వేటగాడుగా చేసిన నథానియల్ ఆర్కాండ్ స్వయంగా క్రీ జాతివాడు, మంచి నటుడు. ఉన్న కాసేపట్లోనే కట్టిపడేశాడు. అతనికి పేరు కూడా పెట్టకుండా ‘హంటర్’తో సరిపెట్టడం బాగాలేదు.

తోడేళ్ళ విషయంలో ఎక్కువ చెప్పక్కర్లేదు. రెండు సినిమాల్లోనూ బొమ్మలు, మేకప్‌లే. మొదటిదాంట్లో చివర వచ్చే జంతువు రబ్బరులా ఉందనేవాళ్ళు ఉన్నారు. అది కనిపించేసరికే మన మనసు చెల్లెలి దగ్గర ఉంటుంది కాబట్టి నాకు పట్టలేదు.

నటన దగ్గర రెండూ సమానమే. బ్రిజిట్‌గా చేసిన ఎమిలీ పెర్కిన్స్ నిజానికి జింజర్‌గా చేసిన కాథరీన్ ఇసబెల్ కన్నా నాలుగేళ్ళు పెద్దది. అయినా మూడు సినిమాల్లో ఎక్కడా ఆమె చెల్లెలు కాదనిపించదు. భుజాలు ముడుచుకుని, జుట్టు చాటునుంచి చూస్తూ, అక్క వెనకే నడిచే ఆ తీరు చూడండి.

ఈ పోలికలో నేను అసలు తూకం వేసేది ముగింపుల్నే.

మొదటి సినిమా చివర్లో బ్రిజిట్ తన ఇష్టంతోనే అక్క రక్తాన్ని తనలో కలుపుకుంటుంది. అయినా అక్క వెంట పూర్తిగా వెళ్ళదు. వాళ్ళిద్దరూ కలిసి పెరిగిన ఆ బేస్‌మెంట్ గదిలో ఒక చేతిలో మందు ఎక్కించిన సిరంజి, ఇంకో చేతిలో కత్తి పట్టుకుని నిలబడుతుంది. మాంక్స్‌హుడ్ అనే మొక్క నుంచి తీసిన మందు అది, మన వత్సనాభి జాతిదే. నీతో పాటు ఈ గదిలో చావను అని తేల్చేస్తుంది. జింజర్ ఆమె మీదికి దూకుతుంది, కత్తి జింజర్‌కి దిగుతుంది. కలిసే చద్దామన్న ఒట్టుని చెల్లెలే తెంచింది. నీ ప్రాణం కాపాడుకోవాలంటే నువ్వు ఎంతగానో ప్రేమించిన మనిషి నుంచి కూడా విడిపోవాల్సి రావచ్చు అన్నది ఆ సినిమా చెప్పే కఠినమైన మాట. నా దృష్టిలో హారర్ సినిమాల్లో ఇంతకన్నా బాధపెట్టే ముగింపులు చాలా తక్కువ.

1815 కథలో ఇదే ప్రశ్నకి సరిగ్గా ఎదురు జవాబు వస్తుంది. అక్కని చంపితే శాపం అక్కడితో ఆగిపోతుందని బ్రిజిట్‌కి చెప్తారు. కత్తి చేతికిస్తారు, వేటగాడు పక్కనే ఉంటాడు. ఆమె ఆ కత్తిని వేటగాడికే దించుతుంది. కోట తోడేళ్ళ పాలవుతుంది. తర్వాత మంచులో అక్క పక్కన కూర్చుని అరచెయ్యి కోసుకుని రక్తం కలుపుకుంటుంది. రాబోయే తరాలన్నిటికీ ఈ కీడు అంటుకుంటుందని తెలిసీ అక్కని వదలదు.

ఇది స్వార్థమని కోప్పడే ప్రేక్షకులున్నారు, ఇదే నిజమైన ప్రేమ అని ఏడ్చేవాళ్ళూ ఉన్నారు. తప్పో ఒప్పో తేల్చడం నాకు ముఖ్యం కాదు. ఒకే ఇద్దరి కథకి ఇలా రెండు వ్యతిరేకమైన ముగింపులు రాసి, రెండూ నమ్మించగలగడం మామూలు విషయం కాదు. ఆఖరి పది నిమిషాల కోసమైనా మూడో భాగాన్ని చవక సీక్వెల్ అని పక్కన పడెయ్యకూడదు.

అయితే మూడోది ముందు చూడొచ్చా? కథాకాలం ప్రకారం 1815 ముందొస్తుంది కదా అని దాంతో మొదలుపెట్టమనేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. మొదటి సినిమాలో బ్రిజిట్ ఏం పోగొట్టుకుందో తెలియకపోతే, మూడోదాంట్లో ఆమె ఏం ఎంచుకుందో గుండెకు తగలదు. ఊరికే ఒక మంచు ప్రాంతపు దయ్యాల కథలా ముగిసిపోతుంది.

మొదటిది అవగానే నేరుగా మూడోదానికి దూకడం కూడా నాకు ఇష్టం లేదు. మధ్యలో ఉన్న ‘అన్‌లీష్డ్’ని చాలామంది దాటేస్తారు, అక్కడే పెద్ద నష్టం. అందులో జింజర్ లేదు, బ్రిజిట్ ఊహల్లో అప్పుడప్పుడు కనబడుతుందంతే. బ్రిజిట్ ఒంటరిగా ఆ మందుని రక్తంలోకి ఎక్కించుకుంటూ రోగాన్ని ఆపాలని చూస్తుంటే, మత్తుమందుల అలవాటనుకుని ఆమెని ఒక కేంద్రంలో పడేస్తారు. అక్కడ ఘోస్ట్ అనే చిన్నపిల్ల పరిచయమవుతుంది. ఆ పాత్ర చేసిన టాటియానా మస్లానీయే తర్వాత, 2013లో మొదలైన ‘ఆర్ఫన్ బ్లాక్’ సిరీస్‌తో పేరు తెచ్చుకుంది. ఆ సిరీస్ సృష్టికర్తల్లో మన మొదటి సినిమా దర్శకుడు ఫాసెట్ ఒకరు. ఘోస్ట్ మీద బ్రిజిట్ పెట్టుకున్న నమ్మకం చివరికి ఆమెని ఒక నేలమాళిగలో బందీగా మిగులుస్తుంది. అక్కని వదిలి బతికిన బతుకు చివరికి ఇలా తేలిందన్నమాట. అది చూసి, ఆ దిగులు ఇంకా తగ్గకముందే 1815కి వెళ్ళండి. అక్కడ బ్రిజిట్ అక్క చెయ్యి ఎందుకు వదల్లేదో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మేలైన సినిమా ఏదంటే మొదటిదే, అందులో నాకు అనుమానం లేదు. ఒక్క సాయంత్రమే ఉంటే అది చూడండి. మూడు సాయంత్రాలు ఉంటే మూడూ, విడుదలైన వరసలోనే.