డిమెన్షియా ఉన్నవాళ్లకు పెద్ద కేర్ హోమా, చిన్న ఇల్లా: ఏది మేలు?

మా మేనత్తకు డిమెన్షియా, అంటే మతి క్రమంగా తప్పిపోయే జబ్బు, అని డాక్టర్ చెప్పిన నాలుగో ఏట, ఆవిడ రాత్రిపూట తలుపు గడియ తీసుకుని బయటికి వెళ్లిపోవడం మొదలుపెట్టింది. రెండుసార్లు గేటు దగ్గరే దొరికింది. మూడోసారి వెతకడానికి మూడు గంటలు పట్టింది. ఆ తెల్లవారుజామున ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే నేనూ అన్నయ్యా కేర్ హోమ్ మాట ఎత్తాం.

అప్పటిదాకా ఇంట్లోనే అటెండెంట్‌ను పెట్టి చూసుకున్నాం. మొదటి రెండు మూడేళ్లకు అంతకంటే మేలైనది లేదని ఇప్పటికీ అంటాను. తెలిసిన గోడలు, తెలిసిన మంచం ఉన్నచోట మతిమరుపు కూడా కాస్త అణకువగా ఉంటుంది. కానీ రోజంతా మనిషి కావాలంటే ఒక్క అటెండెంట్ సరిపోదు, ఇద్దరు ముగ్గురు మారాలి. వాళ్లలో ఒకరు రాకపోతే ఆ రాత్రి మనది. రాత్రి నిద్ర పూర్తిగా పోయాక ఇల్లు అనే దారి దానంతటదే మూసుకుపోయింది.

చూసినవాటిలో చివరికి రెండు మిగిలాయి. ఒకటి పెద్దది. వందకు పైగా పడకలు, డిమెన్షియా వాళ్లకు విడిగా ఒక అంతస్తు, పగలూ రాత్రీ నర్సు, వారానికి రెండుసార్లు డాక్టర్. రెండోది చూడటానికి మామూలు ఇల్లు. ఉండేది పదిమంది, అందరిదీ ఇదే జబ్బు, నర్సు పగలు మాత్రమే. అన్నయ్య పెద్దదానివైపు, నేను చిన్నదానివైపు. "అర్ధరాత్రి ఆయాసం వస్తే అక్కడ ఎవరున్నారే?" అని అన్నయ్య. "మిగతా ఇరవై మూడు గంటల సంగతేంటి?" అని నేను. నెల రోజులు ఇదే గొడవ.

పెద్ద హోమ్‌లో అందరికీ నచ్చేది ఆ నేల. అద్దంలా మెరుస్తూ ఉంటుంది. అత్తను ఒకసారి చూపిద్దామని తీసుకెళితే లిఫ్ట్ దాటి అడుగు వేయలేదు. మెరిసే నేల ఆవిడకు నీళ్లలా కనిపించింది. డిమెన్షియాలో కన్ను బాగానే ఉన్నా, కన్ను చూసినదాన్ని అర్థం చేసుకునే మెదడు భాగం దెబ్బతింటుంది. లోతు, అంచు, రంగుల తేడా సరిగ్గా అందవు. గుమ్మం ముందు నల్లటి పట్టా ఉంటే గొయ్యి అనుకుని ఆగిపోయేవాళ్లున్నారు. అద్దంలో కనబడేది తామేనని పోల్చుకోలేక, ఎవరో గదిలోకి వచ్చారని భయపడేవాళ్లున్నారు. ఆ అంతస్తులో తలుపులన్నీ ఒకే రంగు. టాయిలెట్ ఏదో తెలియదు. వెతుక్కునేలోపు బట్టల్లో అయిపోతుంది. నెల తిరక్కుండా "పేషెంట్‌కు కంట్రోల్ లేదు" అని డైపర్ వేస్తారు. చిన్న ఇంట్లో టాయిలెట్ తలుపుకు చిక్కటి పసుపు రంగు వేసి, కమోడ్ బొమ్మ అతికించారు. మంచం మీద కూర్చుంటే ఎదురుగా కనిపిస్తుంది. పెయింట్ డబ్బా ఒకటి చాలు దీనికి, కానీ తట్టాలి కదా.

పళ్లెం రంగు కూడా అంతే. బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2004లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనం ఉంది. బాగా ముదిరిన ఆల్జీమర్స్ (డిమెన్షియాలో ఒక రకం) ఉన్న తొమ్మిదిమందికి తెల్లవాటికి బదులు ఎర్రటి పళ్లేలు, కప్పులు ఇచ్చి చూస్తే తిండి 25 శాతం, తాగేది 84 శాతం పెరిగింది. తొమ్మిదిమందే కాబట్టి దాన్ని వేదవాక్కు చేయనక్కర్లేదు. అయినా తెల్ల పళ్లెంలో తెల్లటి అన్నం పెట్టి, "తినడం లేదు" అని రిజిస్టర్‌లో రాసేవాళ్లను చూశాక నాకు ఆ తొమ్మిదిమందే గుర్తొచ్చారు.

అయితే చిన్న ఇల్లు అన్నిట్లోనూ నెగ్గిందనుకోవద్దు. వసారా దిగే చోట రెండు మెట్లు, వాటికి పట్టుకునే కమ్మీ లేదు. హాల్లో మడతలు పడే తివాచీ. పడితే తుంటి విరుగుతుంది, ఆ వయసులో తుంటి విరిగితే మళ్లీ నడవడం చాలామందికి కుదరదు. చెప్తే తివాచీ తీసేశారు. కమ్మీ పెట్టడానికి మాత్రం నేను నాలుగుసార్లు పోట్లాడాను.

చిన్నదైతే మేలన్న మాట నా సొంత పైత్యం కాదు. అమెరికాలో గ్రీన్ హౌస్ అనే పద్ధతిలో మొదటి ఇళ్లు 2003లో మిసిసిపీలోని టుపెలోలో వచ్చాయి. ఒక్కో ఇంట్లో పది పన్నెండు మంది, వంట ఆ ఇంట్లోనే. నెదర్లాండ్స్‌లో వేస్ప్‌లోని హోగవేక్ అయితే డిమెన్షియా వాళ్ల కోసమే కట్టిన ఊరు. అందులో ఒక్కో ఇంట్లో ఆరేడుగురు ఉంటారు, బయట వీధులు, అంగడి, తిరగడానికి చోటు. చుట్టూ హద్దు ఉంది కాబట్టి ఎవరూ తప్పిపోరు. హోగవేక్ మొత్తం లెక్క తీస్తే చిన్నదేమీ కాదు, నూటయాభైకి పైగా జనం. ఇది చదివాక అన్నయ్యతో నా వాదన కాస్త మారింది. బిల్డింగ్‌లో ఎంతమంది అన్నది పక్కనపెట్టి, మా అత్త రోజులో ఎన్ని కొత్త మొహాలు చూడాలి అని అడగడం మొదలుపెట్టాను.

అక్కడే అసలు తేడా బయటపడింది. పెద్దచోట స్టాఫ్‌ను అంతస్తులు మార్చి తిప్పుతారు, తక్కువైతే ఏజెన్సీ నుంచి తెప్పిస్తారు. నిన్న స్నానం చేయించిన మనిషి ఇవాళ ఉండదు. మతి తప్పిన మనిషి వైపు నుంచి చూడండి. ఎవరో తెలియని ఆవిడ వచ్చి చీర లాగుతోంది. అరవకుండా, గిల్లకుండా ఉంటుందా? అది రిజిస్టర్‌లో "అగ్రెసివ్" అని ఎక్కుతుంది. పెద్ద హోమ్‌లో అక్కడున్న ఒక పెద్దావిడను చూపించి ఆయాను "ఈవిడ ఇదివరకు ఏం చేసేవారు?" అని అడిగితే "ఏడో నంబరా? తెలియదండీ" అంది. పాపం, ఆ అంతస్తుకు వచ్చి మూడు రోజులే అయిందట. చిన్న ఇంట్లో ఇంకొకావిడ గురించి అదే ప్రశ్న అడిగితే, "టీచరమ్మ. పొద్దున్నే హాజరు తీసుకుంటారు. మేమంతా పలుకుతాం" అంది అక్కడి అమ్మాయి. ఆరేళ్లుగా అక్కడే పనిచేస్తోంది. మేనేజర్లతో గంట మాట్లాడి తెలుసుకోలేనిది ఆ ఒక్క మాటలో తెలిసింది. అందుకే చెబుతున్నా, ఆఫీసు గదిలో కూర్చోకండి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడండి.

రాత్రి సంగతి అడిగేటప్పుడు మాట జాగ్రత్తగా వాడాలి. "స్టాఫ్ ఎప్పుడూ ఉంటారండీ" అనేది జవాబు కాదు. "రాత్రి రెండింటికి ఈ అంతస్తులో మేలుకుని ఉండేది ఎంతమంది?" అని అడిగితే పెద్దచోట ముప్పైరెండు మందికి ఇద్దరు అని తేలింది. చిన్నచోట పదిమందికి ఒకరు మెలకువగా, ఇంకొకరు పక్క గదిలో నిద్రలో. లెక్కకు చిన్నదే నయం. కానీ ఆ ఒక్కరూ ఒకరిని టాయిలెట్‌కు తీసుకెళ్తున్నప్పుడు ఇంకొకరు లేస్తే? దానికి రెండు చోట్లా జవాబు లేదు.

రెండు చోట్లకీ చెప్పకుండా సాయంత్రం ఐదున్నరకు వెళ్లాను. పొద్దున పదకొండింటికి ఏ హోమ్ అయినా బాగుంటుంది. పొద్దు వాలే వేళకు డిమెన్షియా వాళ్లలో చాలామందికి గాబరా పెరుగుతుంది, దీన్నే సన్‌డౌనింగ్ అంటారు. ఇంటికి పోవాలంటారు, ఎప్పుడో పోయిన తల్లి కోసం వెతుకుతారు. పెద్ద హోమ్‌లో ఆ వేళకు టీవీ గట్టిగా మోగుతోంది, పద్నాలుగు మంది వరసగా కుర్చీల్లో. వాళ్లలో ముగ్గురి ముందు ట్రే బిగించి ఉంది. తినడానికి ఏమీ లేని ట్రే. లేవకుండా కట్టేయడానికి అదో మర్యాద గల పద్ధతి. చిన్న ఇంట్లో ఒక పెద్దాయన గేటు పట్టుకుని ఊపుతున్నాడు, "మా ఆవిడ ఎదురుచూస్తుంది" అంటున్నాడు. అక్కడి కుర్రాడు కాదనలేదు, ఆవిడ పోయి పదేళ్లయిందనీ చెప్పలేదు. "పదండి బాబాయ్ వెళ్దాం, ఆవిడ వంట బాగా చేస్తుందా?" అంటూ పెరటి చుట్టూ రెండు రౌండ్లు తిప్పి లోపలికి తెచ్చాడు. ఆయనకు అప్పటికి గేటు గుర్తులేదు.

"ఇంటికి వెళ్తానని గొడవ చేస్తే ఏం చేస్తారు?" అనే ప్రశ్నను నేను ఏ హోమ్‌లోనైనా మొదట అడుగుతాను. మేం చూసిన ఇంకో చోట "మాత్ర ఉందండీ, పడుకుంటారు" అని గర్వంగా చెప్పారు. అక్కడినుంచి చెప్పులు వేసుకుని వచ్చేశాం. గొడవ అణచడానికి ఇచ్చే కొత్త తరం యాంటీసైకోటిక్ మందుల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే ఈ మందులు వాడినవాళ్లలో మరణాలు 1.6 నుంచి 1.7 రెట్లు ఉన్నాయి. 2008లో ఆ హెచ్చరికను పాత తరం మందులకూ వర్తింపజేసింది. లూయీ బాడీ రకం డిమెన్షియా ఉంటే హాలోపెరిడాల్ అనే పాత తరం మందు లాంటివి మనిషిని ఒక్కసారిగా బిగదీసేసి ప్రాణం మీదకు తెస్తాయి. మీవాళ్లది ఏ రకమో కాగితం మీద రాసి ఇవ్వండి, నోటిమాట షిఫ్ట్ మారితే పోతుంది. ఈ మందులు అసలే వాడకూడదని కాదు, మనిషి తనకో పక్కవాళ్లకో హాని చేసుకునేంత బాధలో ఉంటే కొన్నాళ్లు అవసరం పడవచ్చు. ఎవరు రాశారు, మళ్లీ ఎప్పుడు చూసి తగ్గిస్తారు, మనకు చెప్తారా అన్నదే చూడాలి.

ఇక్కడ నాకు చెంపదెబ్బ తగిలింది. పెద్ద హోమ్‌లో మందుల రిజిస్టర్ ఉంది. ఏ తేదీన డోసు తగ్గించారో, ఎందుకో రాసి సంతకం ఉంది. నేను వెనకేసుకొస్తున్న చిన్న ఇంట్లో మందులు డబ్బాల్లో ఉన్నాయి, కాగితం లేదు. "అందరివీ మాకు కంఠతా వచ్చండీ" అన్నారు. అన్నయ్య నావైపు చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువైంది. రోజూ రాసి సంతకం పెట్టే పుస్తకం పెట్టాకే అత్తను చేర్చుతామని నేనే షరతు పెట్టాల్సి వచ్చింది.

వైద్యం విషయంలో అన్నయ్య మాటే నిజం. డిమెన్షియా ఉన్న మనిషి నొప్పి అని చెప్పలేకపోవచ్చు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ హఠాత్తుగా ఇంకా అయోమయంగా అయిపోతే, జబ్బు ముదిరిందనుకుని ఊరుకుంటారు. చాలాసార్లు దాని వెనక మూత్రంలో ఇన్ఫెక్షనో, మలబద్ధకమో, కొత్త మందో ఉంటుంది. అది పట్టుకోవడానికి నర్సు కన్ను కావాలి. మంచం పట్టాక పుళ్లు పడకుండా తరచుగా పక్కకు తిప్పాలి. మింగడం కష్టమయ్యాక మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఆ దశలో తిండి పోయడానికి ట్యూబ్ పెడితే మేలనుకుంటాం గానీ, వృద్ధుల వైద్య నిపుణుల సంఘమైన అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ బాగా ముదిరిన డిమెన్షియాలో ట్యూబ్ వద్దనీ, ఓపికగా చేత్తో తినిపించమనీ 2014లో స్పష్టంగా చెప్పింది. ఒక్కొక్కరికి ముప్పావుగంట పడుతుంది. అంత ఓపిక ఎన్ని చేతులకు ఉంటుందన్నది మళ్లీ స్టాఫ్ లెక్కకే వస్తుంది.

చేర్చేముందు అడగాల్సిన ఇబ్బందికరమైన ప్రశ్న ఒకటుంది. "ఏ పరిస్థితి వస్తే తీసుకెళ్లిపొమ్మంటారు?" చిన్న ఇంటివాళ్లు దాచలేదు. ఇద్దరు పట్టుకుని లేపాల్సి వస్తే, ఇంజెక్షన్లు రోజూ కావాల్సి వస్తే మావల్ల కాదన్నారు. పెద్దచోట చివరిదాకా ఉంచుకుంటారు. చోటు మార్చిన ప్రతిసారీ ఈ జబ్బు మనిషి ఒక మెట్టు దిగుతుంది, కొందరు ఆ మెట్టు మళ్లీ ఎక్కరు. చిన్నదాన్ని ఎంచుకోవడమంటే ఆ రెండో మార్పు ఎప్పుడో తప్పదని తెలిసే ఎంచుకోవడం. ఆ మాట కాంట్రాక్టులోనూ ఉండాలి, ఎన్ని రోజుల గడువిస్తారో, ఆస్పత్రిలో ఉన్న రోజులకు ఫీజు ఎంతో సహా.

సీసీటీవీ ఉంది, ఫోన్‌లో చూసుకోవచ్చు అన్నప్పుడు అన్నయ్య కళ్లు మెరిశాయి. కెమెరా పడటాన్ని చూపిస్తుంది, లేపదు. వాసన సంగతి అంటారా, ఒక గదిలో ఉచ్చ వాసన వస్తే అది ఆ ఐదు నిమిషాల సంగతి. వరండా అంతా వస్తే గంటల సంగతి. వరండా అంతా ఫినాయిల్ ఘాటు కొట్టినా నాకు అనుమానమే.

అడిగేవాళ్లకు ఇప్పుడు ఇలా చెబుతున్నాను. మీవాళ్లు ఇంకా నడుస్తూ, తిరుగుతూ, తప్పిపోతూ, మాటకు మాట చెబుతూ ఉంటే చిన్నదే మేలు. ఇన్సులిన్, పదేపదే ఇన్ఫెక్షన్లు, గుండె జబ్బు లాంటివి తోడుంటే, లేదా మంచం పట్టే రోజు దగ్గర్లో ఉంటే నేరుగా పెద్దదానికే వెళ్లండి, అదీ ఆ అంతస్తులో మనుషుల్ని మార్చకుండా ఉంచే చోటు అయితేనే. అలాంటి పెద్దది దొరికితే ఇంత రాయాల్సిన పనే ఉండేది కాదు.

అత్త చిన్న ఇంట్లో ఏడాదిన్నర ఉంది. పసుపు తలుపు పుణ్యమా అని డైపర్ లేకుండానే చాలాకాలం గడిపింది. తర్వాత ఛాతీలో ఇన్ఫెక్షన్ వచ్చి ఆస్పత్రిలో పన్నెండు రోజులు ఉండి వచ్చేసరికి కాళ్ల మీద నిలబడలేకపోయింది. ముందే చెప్పినట్టు వాళ్లు గడువిచ్చారు. ఇప్పుడు అన్నయ్య ఎంచుకున్న పెద్ద హోమ్‌లో ఉంది. అక్కడ పక్కకు తిప్పడం, మందులు టైము ప్రకారం జరుగుతున్నాయి, ఒంటి మీద పుండు లేదు. తినిపించడానికి మాత్రం చేతులు చాలవు. అందుకని సాయంత్రం పూట అన్నయ్య వెళ్లి స్పూన్‌తో పెడతాడు. అత్త వాణ్ని మా నాన్న పేరుతో పిలుస్తుంది. వాడు పలుకుతాడు.