పాత వ్యాగనార్‌కి కూలెంట్ మార్పించాను: ఆటోనగర్ రేడియేటర్ షాపు ఎలా ఉందంటే

మాది 2008 వ్యాగనార్. ఈ ఎండల్లో విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే చాలు టెంపరేచర్ ముల్లు పైకి పాకుతోంది, బందరు రోడ్డు మీద కాస్త స్పీడ్ అందుకుంటే మళ్లీ దిగుతోంది. మొదట చూపించిన గ్యారేజీలో, పేరెందుకులెండి, "పాత బండేగా సార్, థర్మోస్టాట్ పీకేస్తే సరిపోద్ది" అన్నారు. సరిపోదు. థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవాన్ని) రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే వాల్వ్. అది తీసేస్తే ఇంజన్ సరైన వేడికి రావడానికే చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అసలు జబ్బు మాత్రం ఎక్కడిదక్కడే. అందుకని ఆటోనగర్‌లో రేడియేటర్ల పని ఒక్కటే చేసే చిన్న షాపుకి తీసుకెళ్లాను.

మేస్త్రి బానెట్ ఎత్తి, రేడియేటర్ పై హోస్ (రబ్బరు గొట్టం) ముట్టుకుని చూసి, "చల్లారనివ్వండి, ఈలోపు టీ తాగి రండి" అని వేరే బండి పనిలో పడ్డాడు. నాకు అక్కడే నచ్చేశాడు. వేడి మీద రేడియేటర్ క్యాప్ తిప్పితే సలసల కాగే నీళ్లు మొహం మీదకే చిమ్ముతాయి, అయినా తొందరపడేవాళ్లకి కొదవ లేదు.

చల్లారాక కింద డ్రెయిన్ వదిలితే వచ్చింది చూడాలి, అచ్చం చిక్కటి టీ డికాషనే, అందులో తుప్పు రజను, తెల్లటి సున్నం పలుకులు. పాత ఓనర్ ఏళ్ల తరబడి బోరు నీళ్లే పోస్తూ వచ్చాడన్నమాట. ఆ సున్నం రేడియేటర్ సన్నటి గొట్టాల్లో పేరుకున్నాక ఎంత ఖరీదైన కూలెంట్ పోసినా దండగ. అందుకే రేడియేటర్ కిందికి దించి కడిగాడు, ఇంజన్‌లోకి కూడా నీళ్లు పెట్టి తేటగా వచ్చేదాకా వదల్లేదు. క్యాప్ రబ్బరు పగిలిందని చూపించి మరీ కొత్తది వేశాడు.

ఇక అందరూ అడిగేది, గ్రీనా రెడ్డా? రంగు చూసి కొనకండి. అది కంపెనీవాళ్లు కలిపే డై, దానికి ఒక పద్ధతంటూ లేదు. డబ్బా వెనక ఏ రకమో చదవండి, మాన్యువల్‌తో సరిపోల్చుకోండి. పాత తరం సిలికేట్ రకం సుమారు 2 ఏళ్లకే మార్చాలి, ఓఏటీ (ఆర్గానిక్ యాసిడ్ రకం) అయితే 5 ఏళ్ల దాకా వస్తుంది. రెండూ కలిపితే తుప్పును ఆపే గుణం తగ్గుతుంది, ఒక్కోసారి ముద్ద కట్టి దారులు మూసుకుపోతాయి. విజయవాడలో మంచు పడదుగా, ఉత్త నీళ్లు చాలవా అంటారేమో, సగం గ్లైకాల్ (కూలెంట్‌లోని అసలు ద్రవం, నీళ్లు గడ్డకట్టకుండా చూసేదీ ఇదే), సగం నీళ్లు కలిపితే మరిగే వేడి 100 డిగ్రీల నుంచి 107 దాకా పెరుగుతుంది, క్యాప్ ప్రెషర్ తోడైతే ఇంకా పైకి.

ఒక కిటుకు మాత్రం ఈయన దగ్గరే తెలిసింది. కడిగాక ఇంజన్ లోపల కొన్ని నీళ్లు మిగిలే ఉంటాయి, అందులో ముందే కలిపి అమ్మే కూలెంట్ పోస్తే పలచబడిపోతుంది. అందుకని కాన్సెంట్రేట్ (నీళ్లు కలపని చిక్కటి కూలెంట్) తెప్పించి, మొత్తం కెపాసిటీలో సగం దాకా అది పోసి, ఆ తర్వాతే నీళ్లతో నింపాడు. క్యాప్ తీసే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేసి, హీటర్ ఫుల్‌గా పెట్టి, పై హోస్‌ని నొక్కుతూ వదులుతూ ఉంటే గుళగుళమని బుడగలు వచ్చాయి. ఆ గాలి లోపలే ఉండిపోతే పనంతా వేస్ట్. ఫ్యాన్ తిరిగి ఆగేదాకా పక్కనే నిలబడ్డాడు.

నచ్చనివి రెండు. నింపేటప్పుడు కుళాయి నీళ్ల మగ్గే అందుకోబోయాడు, నేను డిస్టిల్డ్ వాటర్ క్యాన్ పట్టుకెళ్లాను కాబట్టి సరిపోయింది, మీరూ పట్టుకెళ్లండి. రెండోది, పాత కూలెంట్ అంతా వీధి కాలువలోకి వదిలేశారు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం. చెబితే నవ్వేశాడు.

రేటు విషయంలో బేరం లేదు గానీ, ముందు చెప్పిందే తీసుకున్నాడు. ఇప్పుడు సిగ్నల్లో ఏసీ వేసుకుని ఆగినా ముల్లు సగం దాటట్లేదు. వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, బండి చల్లారేదాకా ఎలాగూ ముట్టుకోడు, మధ్యాహ్నం అయితే భోజనానికి షట్టర్ దించేస్తాడు.