బోర్గ్ బ్యాకప్‌తో ఏడేళ్లు: ఆర్కైవ్ ఉంది, అందులో హోమ్ లేదు

ఆ రోజు నాకు కావలసింది ఒక్క ఫోల్డరే. పొరపాటున చెరిపేశాను, అయినా కంగారు పడలేదు. రోజూ రాత్రి బోర్గ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసుకుపోతుంది కదా అని నిన్నటి ఆర్కైవ్‌ను, అంటే ఆ రాత్రి తీసిన బ్యాకప్ ప్రతిని, మౌంట్ చేసి నా సొంత ఫైళ్లన్నీ ఉండే హోమ్ డైరెక్టరీ తెరిచాను. ఖాళీ. మొన్నటిదీ ఖాళీ. లిస్ట్ ఆదేశం ఇస్తే హోమ్ పేరుతో ఒకే ఒక్క వరుస కనిపించింది. మొదట డైరెక్టరీ అని చెప్పే డి అక్షరం, పరిమాణం ఉండాల్సిన చోట సున్నా, దాని కింద ఏమీ లేదు. నాలుగు నెలలుగా ఒక్క ఎర్రర్ కూడా లేకుండా నడిచిన బ్యాకప్ అది.

2018లో 1.1 వెర్షన్‌తో మొదలుపెట్టాను, ఇప్పుడు 1.4 వాడుతున్నాను. ఈ ఏడేళ్లలో బోర్గ్ వల్ల నేను పోగొట్టుకున్నది ఏదీ లేదు. ఇబ్బంది పడ్డ ప్రతిసారీ మూలం నా కాన్ఫిగరేషన్‌లోనే దొరికింది. అలాగని సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా వెనకేసుకు రాలేను. మీరు చెప్పినట్టే చేశానని అది చెబుతుంది, మీరు అనుకున్నట్టు చేసిందో లేదో చెప్పదు. ఈ రెంటి మధ్య తేడా తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది.

హోమ్ సంగతి చూడండి. మొదట్లో నా లైనక్స్ సిస్టమ్ అంతా ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ ఉన్న ఒకే పార్టిషన్‌లో ఉండేది. ప్రాక్, సిస్ లాంటి, డిస్క్ మీద నిజంగా లేని సిస్టమ్ డైరెక్టరీలు బ్యాకప్‌లోకి రాకుండా ‘వన్ ఫైల్ సిస్టమ్’ ఆప్షన్ పెట్టుకున్నాను. తర్వాత డిస్క్ మార్చి, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ మీద సిస్టమ్‌ను తాజాగా ఇన్‌స్టాల్ చేశాను. ఇన్‌స్టాలర్ హోమ్‌ను వేరే సబ్‌వాల్యూమ్‌గా, అంటే ఆ ఫైల్ సిస్టమ్‌లోనే ఒక విడి భాగంగా చేసింది. పాత స్క్రిప్ట్‌ను యథాతథంగా తెచ్చి పెట్టాను. ఏ ఫైల్ సిస్టమ్‌లో ఉందో గుర్తించే డివైస్ నంబరు ఒక డైరెక్టరీకీ దాని పై డైరెక్టరీకీ కలవకపోతే, ఆ ఆప్షన్ ఉన్నప్పుడు బోర్గ్ గుమ్మం వరకు వెళ్లి ఆగిపోతుంది. డైరెక్టరీని నమోదు చేస్తుంది, లోపలికి అడుగుపెట్టదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో ప్రతి సబ్‌వాల్యూమ్‌కూ వేరే డివైస్ నంబరు ఉంటుంది. ఈ విషయం డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసే ఉంది. చదవంది నేనే.

సూచనలు లేకపోలేదు. బ్యాకప్ ఒక్కసారిగా చాలా వేగంగా ముగియడం మొదలైంది. కొత్త డిస్క్ మహిమ అనుకుని మురిసిపోయాను! స్టాట్స్ పట్టికలో అసలు పరిమాణం, కుదించిన పరిమాణం, నకళ్లు తీసేసిన పరిమాణం అని మూడు నిలువు వరుసలుంటాయి. రోజుకు ఎంత చోటు పెరుగుతోందో తెలియాలని నేను ఎప్పుడూ మూడోదే చూసేవాడిని. మొదటిది దాదాపు 200 జీబీ నుంచి పదిహేనుకు పడిపోయి, నాలుగు నెలలు నా కళ్లముందే ఉంది. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు అప్పుడు కూర్చుని పాత లాగ్‌లన్నీ చదివాను. పాత ఆర్కైవ్‌లను తొలగించే ప్రూన్ ఆదేశానికి నెలవారీవి ఆరు ఉంచమని చెప్పి ఉండటం వల్ల, డిస్క్ మార్చకముందు తీసిన ఆర్కైవ్ ఇంకా మిగిలి ఉంది. ఫోల్డర్ దొరికింది. మరో రెండు మూడు నెలలు ఆలస్యమై ఉంటే అదీ ఉండేది కాదు.

పరిష్కారం చిన్నదే. బ్యాకప్ తీసే క్రియేట్ ఆదేశానికి అన్నిటికీ పైనుండే రూట్ డైరెక్టరీతో పాటు హోమ్ దారిని కూడా విడిగా ఇవ్వాలి. విడిగా ఇచ్చిన ప్రతి దారికీ డివైస్ నంబరును బోర్గ్ కొత్తగా చూసుకుంటుంది.

ఇంత జరిగినా దీన్నే ఎందుకు వాడుతున్నానంటే, నకళ్లను తీసేసే పద్ధతి అంత బాగుంటుంది. ఫైలును స్థిరమైన కొలతలతో కాకుండా లోపలి సమాచారాన్ని బట్టి ముక్కలు చేస్తుంది. పెద్ద ఫైలు మధ్యలో నాలుగు అక్షరాలు చేరితే ఆ చుట్టుపక్కల ముక్కలే మారతాయి, మిగతావి పాతవే సరిపోతాయి. నా వర్చువల్ మెషీన్ డిస్క్ ఫైలు 40 జీబీ. పూట పూటకూ మారుతుంది. అయినా రోజుకు పెరిగేది ఎక్కువసార్లు ఒక జీబీలోపే. దీనికి తోడు ప్రతి ఆర్కైవ్ పూర్తి ప్రతిలాగే కనిపిస్తుంది, ఏ ఫుల్ బ్యాకప్ మీద ఏ ఇంక్రిమెంటల్ ఆధారపడిందో లెక్క పెట్టుకోనక్కర్లేదు. మౌంట్ చేసి, మామూలు ఫోల్డర్‌లా తిరిగి, కావలసినది కాపీ చేసుకోవచ్చు.

రెండో పెద్ద తలనొప్పి, లైనక్స్‌లో పనులను వేళకు నడిపే సిస్టమ్‌డీ టైమర్‌తో వచ్చింది. టెర్మినల్‌లో చక్కగా నడిచే స్క్రిప్ట్ టైమర్‌లో ఎందుకు పడిపోతుందన్న ప్రశ్న బ్యాకప్ పెట్టుకున్న ప్రతివారికీ ఎదురయ్యేదే. ఒకసారి బ్యాకప్ సర్వర్‌ను అంకెల చిరునామాతో కాకుండా పేరుతో పిలవడం మొదలుపెట్టాను. రిపాజిటరీ (ఆర్కైవ్‌లన్నీ దాచే చోటు) ఇంతకుముందు వేరే చోట ఉండేది, కొనసాగించమంటారా అని బోర్గ్ అడిగింది. అవునన్నాను, పని జరిగింది. ఆ రాత్రి టైమర్ విఫలమైంది. సిస్టమ్ లాగ్ అయిన జర్నల్ తెరిస్తే అదే ప్రశ్న. నేను జవాబిచ్చింది నా ఖాతాలో, టైమర్ నడిచేది రూట్ అనే నిర్వాహక ఖాతాలో. ఆ జ్ఞాపకం ఒక్కో ఖాతాకు వేరుగా ఉంటుంది. అర్ధరాత్రి బోర్గ్ అడిగే ప్రశ్నకు జవాబు చెప్పేవారు ఎవరూ లేరు కాబట్టి అది ఆగిపోయింది. ఆగడమే సరైన పని కూడా. రూట్‌గా ఒకసారి చేత్తో నడిపి అవునని చెబితే సరిపోయింది. సర్వర్‌కు సురక్షితంగా కలిపే ఎస్‌ఎస్‌హెచ్ కీలు, తెలిసిన సర్వర్ల జాబితా కూడా ఇంతే, రూట్‌వి రూట్‌కే. ఇప్పుడు స్క్రిప్ట్‌లో ఏది మార్చినా టెర్మినల్ నుంచి స్క్రిప్ట్‌ను నడపను, సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్‌తో సర్వీస్‌నే మొదలుపెట్టి చూస్తాను. ల్యాప్‌టాప్ రాత్రి ఆపి ఉంటే మర్నాడు తెరవగానే నడిచేలా టైమర్‌లో పర్సిస్టెంట్ అన్న వరుస తప్పకుండా ఉండాలి.

ఒకేసారి ఇద్దరు రాయకుండా బోర్గ్ రిపాజిటరీకి తాళం వేస్తుంది. బ్యాకప్ మధ్యలో ల్యాప్‌టాప్ నిద్రపోతే సర్వర్ వైపు ప్రాసెస్ వేలాడుతూ ఆ తాళం వదలదు. దీనికి చాలామంది బ్రేక్ లాక్ ఆదేశాన్ని స్క్రిప్ట్‌లోనే పెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. నిజంగా ఇంకో బోర్గ్ రాస్తున్నప్పుడు తాళం పగలగొడితే రిపాజిటరీ పాడవుతుంది. తెగిన కనెక్షన్‌ను గుర్తించి మూసేసేలా ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో సర్వర్ అలైవ్ ఇంటర్వెల్ 10, కౌంట్ మాక్స్ 30 పెట్టి, సర్వర్ వైపు కూడా అలాంటి క్లయింట్ అలైవ్ విలువలే పెట్టాక నాకు ఆ గొడవ తీరింది.

డిస్క్ నిండిపోవడం రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ కారణం వేరు. మొదటిసారి, క్రియేట్ విజయవంతమైతేనే ప్రూన్ నడిచేలా రెండు యాంపర్‌సాండ్‌లతో కలిపాను. చదువుతుండగా ఏదైనా ఫైలు మారితే బోర్గ్ హెచ్చరికగా 1 కోడ్ ఇస్తుంది, అసలైన ఎర్రర్‌కు 2 ఇస్తుంది. షెల్ దృష్టిలో సున్నా కానిదంతా వైఫల్యమే. బ్రౌజర్ తెరిచి ఉన్న ప్రతి రాత్రీ 1 వచ్చేది, ప్రూన్ నడిచేది కాదు. రెండోసారి 1.2కి మారినప్పుడు. అప్పటినుంచి ప్రూన్ పాత ఆర్కైవ్‌లను జాబితాలోంచి తీసేస్తుందే తప్ప చోటు ఖాళీ చేయదు, ఆ తర్వాత కాంపాక్ట్ నడపాలి. మార్పుల జాబితా చదివినవారికి ఇది తెలుసు. నాకు డిస్క్ 100 శాతం దగ్గర తెలిసింది.

బ్యాకప్‌లోకి వద్దని చెప్పే మినహాయింపుల్లో మామూలు నక్షత్రం గుర్తు స్లాష్‌ను కూడా దాటిపోతుందని గుర్తుంచుకోండి. ఒక స్థాయి ఫోల్డర్ కోసం రాసిన వరుస లోలోపలి ఫోల్డర్లనూ మింగేస్తుంది. నిజంగా బ్యాకప్ తీయని డ్రై రన్‌కు లిస్ట్ జోడించి నడిపితే మినహాయించిన ప్రతిదాని ముందూ ఎక్స్ అక్షరం కనిపిస్తుంది, ఆ వరుసలను ఓపికగా చదవాలి. నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను నేరుగా కాపీ చేయకుండా ముందు డంప్ (సమాచారమంతా విడి ఫైలులోకి) తీసి, ఆ డంప్‌ను బ్యాకప్ చేయండి.

ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్‌ను తెరిచే కీ కోసం ఉన్న కీ ఎక్స్‌పోర్ట్ ఆదేశంలో పేపర్ అనే ఆప్షన్ నాకు చాలా నచ్చింది. కీని అంకెలు, అక్షరాల వరుసలుగా ఇస్తుంది. కాగితం మీద ముద్రించి దాచుకోవచ్చు. తిరిగి టైప్ చేసేటప్పుడు ఏ వరుసలో తప్పు చేస్తే ఆ వరుస దగ్గరే చెబుతుంది. నేను ప్రయత్నించి చూశాను, మూడో వరుసలో దొరికిపోయాను.

గ్రాఫికల్ తెర కావాలంటే వోర్టా అనే ప్రోగ్రామ్ విడిగా దొరుకుతుంది. క్లౌడ్‌లోని ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లోకి నేరుగా పంపాలంటే 1.4 వరకు బోర్గ్‌కు చేతకాదు, అలాంటివారికి రెస్టిక్ అనే మరో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ నయం. విండోస్ యంత్రాలు కూడా ఉన్నవారూ అటే చూడటం మంచిది.

ఇప్పుడు నా స్క్రిప్ట్ చివర మరో రెండు పనులున్నాయి. అసలు పరిమాణం నిన్నటి కంటే పదో వంతు తగ్గితే నాకు మెయిల్ వస్తుంది. హోమ్‌లో ఒక చిన్న ఫైలులో రోజూ ఆనాటి తేదీ రాసి, బ్యాకప్ అయ్యాక దాన్ని ఆర్కైవ్‌లోంచి బయటకు తీసి తేదీ సరిపోల్చుతుంది. పోయిన వారం ఆ మెయిల్ ఒకటి వచ్చింది. గుండె జారి లాగ్ తెరిచాను. ముందురోజు నేనే ఆ వర్చువల్ మెషీన్‌ను తీసేశాను.