గది తలుపు తీసిన గంట నుంచే లెక్క: తిరుపతి పాత లాడ్జిలో ఏడేళ్లు

తిరుపతిలో గది అనగానే అద్దె ఎంత, గుడికి ఎంత దూరం అని అడుగుతారు. నేను మొదట అడిగేది వేరు: ఖాళీ చేయాల్సిన వేళ ఎలా లెక్కపెడతారు? ఏడేళ్లుగా గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక పాత లాడ్జిలోనే దిగుతున్నానంటే, ఈ ప్రశ్నకు అక్కడ దొరికిన జవాబే కారణం.

2018 ఆగస్టులో అమ్మను తీసుకుని మొదటిసారి వెళ్లాను. అనంతపురం నుంచి రాత్రి బస్సు మమ్మల్ని తెల్లవారుజామున నాలుగు గంటలకు దింపింది. లాడ్జి మేనేజరు గారు బల్ల మీద ఎర్ర గుడ్డ బైండు వేసిన పొడవాటి రిజిస్టరు తెరిచి, గోడ గడియారం వైపు చూసి, మా పేర్ల పక్కన "ఉ. 4-10" అని రాశారు. ఎప్పుడు ఖాళీ చేయాలని అడిగితే "రేపు ఇదే వేళకమ్మా" అన్నారు. అమ్మ మోకాళ్లు పట్టుకుని మెల్లగా మెట్లెక్కింది. కుర్రాడు తాళం తీసి, పక్క దులిపి, కుండలో నీళ్లు పోశాడు. నేను సంతకం పెట్టడానికి మళ్లీ కిందికి వచ్చేసరికి ఆయన ఆ అంకె మీద గీత గీసి, పక్కన 4-25 అని దిద్దుతున్నారు. "గది తలుపు తీసిన గంట నుంచే లెక్క" అన్నారు. పదిహేను నిమిషాల కోసం ఎవరూ పేచీ పెట్టరు. నేనూ పెట్టేదాన్ని కాదు. అయినా ఆయన దిద్దారు.

ఈ ఊళ్లో ఆ లెక్క విలువ ఏమిటో ఊరికి వచ్చిపోయేవాళ్లకు తెలుస్తుంది. అమ్మకు స్విమ్స్ ఆసుపత్రి మూత్రపిండాల విభాగంలో రెండు మూడు నెలలకొకసారి పరీక్షలుంటాయి. ఉదయమే వరుసలో ఉండాలి, రక్తం ఇవ్వాలి, కాగితాలు వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది, డాక్టరు చూసేసరికి సాయంత్రం. ఆ మధ్యలో అమ్మ నడుం వాల్చాలి. పన్నెండు గంటలకు గది ఖాళీ చేయాలనే నియమం ఉన్నచోట దిగితే, సరిగ్గా ఆమెకు మంచం కావలసిన వేళకు మేము సంచులతో వీధిలో ఉంటాం. కొండకు వెళ్లేవాళ్లదీ ఇదే బాధ. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి, క్యూ కాంప్లెక్సులో కూర్చుని, దర్శనం చేసుకుని దిగేసరికి ఏ వేళ అవుతుందో ముందుగా ఎవరు చెప్పగలరు? ఒకప్పుడు బస్టాండ్ల చుట్టుపక్కల లాడ్జీల్లో ఇరవై నాలుగు గంటల లెక్క మామూలు విషయమే. నేను చూసినంతలో ఒక్కొక్కరే దాన్ని వదిలేస్తున్నారు.

మేనేజరు గారు ఒకసారి ఈ ఇంటి కథ చెప్పారు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరవక ముందే కట్టిన ఇల్లట ఇది. అప్పట్లో కొండకు నడకే దారి. కింది తిరుపతిలో మూటలు పెట్టుకుని, వెన్నెల ఉంటే రాత్రిపూట, లేకపోతే చీకటితో లేచి ఎక్కేవారు. ఎప్పుడు దిగుతారో వాళ్లకే తెలియదు. అలాంటి వాళ్లకు అరుగూ గదీ ఇచ్చిన ఇంట్లో పన్నెండు గంటల నియమం ఎలా పుడుతుంది అన్నారాయన. ఆ మాట నాకు నచ్చింది. ఇంటి అలవాటే లాడ్జి నియమమైందన్నమాట.

2019లో తమ్ముడు ప్రేమకొద్దీ మాకు ఒక పెద్ద హోటల్లో గది తీశాడు. ఎప్పుడూ ఆ పాతకొంపేనా, ఒక్కసారైనా అమ్మ సుఖంగా ఉండాలి అన్నాడు. బస్సు దిగి నాలుగున్నరకు వెళ్లాం. గది మధ్యాహ్నం రెండు గంటలకు ఇస్తామన్నారు. ముందే కావాలంటే సగం రోజు అద్దె అదనం, అదీ గది ఖాళీగా ఉంటేనే, ఆ పూట ఖాళీ లేదు. మాట్లాడిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది, తప్పు ఆమెది కాదు. పాలరాతి హాల్లో మెత్తటి సోఫాలో అమ్మ కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చుంది. ఏడు గంటలకల్లా పాదాలు ఉబ్బి చెప్పులు బిగుసుకున్నాయి. అక్కడి నుంచే ఆసుపత్రికి వెళ్లాం. సాయంత్రం గదిలోకి వెళ్లాక పరుపు, స్నానాలగది, లిఫ్టు అన్నీ గొప్పగా ఉన్నాయి. కాదనను. కానీ ఆ గదిలో మేము పడుకున్నది ఒక్క రాత్రి, మర్నాడు పదకొండున్నరకు ఫోను మోగింది, ఖాళీ చేస్తున్నారా అని. అద్దె మాత్రం లాడ్జికి తొమ్మిది రెట్లు. తమ్ముడికి ఇవేవీ చెప్పలేదు.

లాడ్జి గురించి మిగిలిన సంగతులు త్వరగా చెప్పేస్తాను. నడుమ ఆకాశం కనిపించే మండువా, చుట్టూ గదులు, పైన మళ్లీ అదే వరస. మూరెడు మందం గోడలు. మే నెలలో వీధి కాలిపోతుంటే లోపల ఫ్యానుతో సరిపోతుంది. పై వరండా మూల నిలబడితే మట్లి అనంతరాజు కట్టించిన ఏడంతస్తుల గాలిగోపురం పై భాగం కనిపిస్తుంది. అమ్మ రోజూ అక్కడ నిలబడి కింద నుంచి పైకి అంతస్తులు లెక్కపెట్టి దండం పెట్టుకుంటుంది. కింది రెండూ ఇళ్ల వెనక దాగి ఉంటాయి కాబట్టి ఐదు దగ్గరే ఆగుతుంది. వేడినీళ్లు ఉదయం తొమ్మిది వరకే. పక్క దుప్పట్లు పాతవే గాని ఉతికినవి.

ఇక 2021 నవంబరు సంగతి. పద్దెనిమిదో తేదీ తెల్లవారుజామున దిగాం, రిజిస్టరులో 4-30. కార్తీక పౌర్ణమి రోజులు. ఆసుపత్రి పని అయ్యాక కపిలతీర్థంలో దీపం పెట్టాలని అమ్మ వత్తులు కూడా తెచ్చుకుంది. ఆ కుండపోత వానలో మేము ఆసుపత్రి నుంచి ఎలా వచ్చి పడ్డామో ఇప్పటికీ తలచుకుంటే గుండె జారుతుంది. ఆటో చక్రాలు మునిగిపోయాయి. రైలు వంతెనల కింద నీళ్లు నిండిపోయాయి. కొండ మీద నుంచి నీళ్లు దూకి ఘాట్ రోడ్లు, నడకదారులు మూసేశారు. కపిలతీర్థం వైపు ఎవరినీ వెళ్లనివ్వడం లేదని చెప్పారు. అమ్మ ఆ వత్తులు గది కిటికీలో పెట్టి వెలిగించింది. గాలికి నిలవలేదు.

రాత్రి ఒంటిగంటప్పుడు టప్ మని ఒక చప్పుడు. కొంచెం ఆగి మళ్లీ. ఫోను దీపం వేసి చూస్తే అమ్మ శాలువా మీద రూపాయి బిళ్లంత తడి, దాని మధ్యలో తెల్లటి సున్నపు పొడి. పైకి చూశాను. ఈశాన్యం మూల టేకు దూలం పొడవునా నల్లటి చార, దాని అంచున నీటిబొట్టు పెద్దదవుతూ, సాగుతూ, తెగి పడుతోంది. తడిసిన పాత సున్నం వాసన మట్టివాసనకు దగ్గరగా ఉంటుంది. ఆ వాసన గదంతా నిండింది. నేను మంచం లాగేలోపు అరచెయ్యంత పెచ్చు ఊడి, సరిగ్గా అమ్మ తల ఉన్న చోటికి జానెడు దూరంలో పడింది.

ఆ మూలలో మరక ఉందని నేను ఆగస్టులోనే చెప్పాను. వేలు పెట్టి చూపించాను. దసరా అయ్యాక మేస్త్రీని పిలుస్తామన్నారు, పిలవలేదు. తిరుపతికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయని ఇక్కడ పుట్టిపెరిగినవాళ్లకు నేను చెప్పాలా? ఈ ఒక్క విషయంలో నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు. పెచ్చు జానెడు ఇటు పడి ఉంటే ఈ సమీక్ష వేరేలా ఉండేది.

కిందికి పరుగెత్తి పిలిస్తే మేనేజరు గారు, కావలి తాత, కుర్రాడు ముగ్గురూ వచ్చారు. కరెంటు లేదు. తాత లాంతరు పట్టుకున్నాడు, మేనేజరు గారూ కుర్రాడూ అమ్మను కుర్చీతో సహా ఎత్తి పందొమ్మిది మెట్లు దించారు. మండువాలో మోకాలి దిగువ వరకు నీళ్లు. కింద ఖాళీ గది లేదు. ఆయన తాను పడుకునే గది ఖాళీ చేసి, తన పరుపు చుట్టేసి, మా సంచిలోని పొడి దుప్పటి పరిచి అమ్మను పడుకోబెట్టారు. "అమ్మగారూ, నన్ను క్షమించాలి" అన్నారు. అమ్మ ఏమీ అనలేదు, ఆయన చెయ్యి పట్టుకుంది.

రెండు రోజుల వరకు మాకు బస్సు దొరకలేదు. పొద్దున ఉప్మా, రాత్రి అన్నం చారు, దిగినవాళ్లందరికీ కలిపి అక్కడే వండారు. బయలుదేరే రోజు లెక్క కట్టమంటే ఆయన రిజిస్టరు నా వైపు తిప్పారు. 4-30 మీద గీత. దాని కింద కొత్త వరసలో "రా. 1-40" అని ఉంది. అమ్మ పొడి మంచం మీద పడుకున్న వేళ అది. పై గదిలో మేము ఇరవై గంటలకు పైగా ఉన్నాం కదా అంటే వినలేదు. "కురిసే గది గది కాదమ్మా. దానికి లెక్క ఉండదు" అన్నారు. ఆ అంకెలు చూస్తే నాకు కన్నీళ్లు వచ్చాయి. కానీ ఆ అద్దె వదులుకునే బదులు ఆగస్టులో మేస్త్రీని పిలిపించి ఉంటే నేను ఇంకా సంతోషించేదాన్ని. ఆ మాట ఆయనతోనే చెప్పాను. నిజమే అన్నారు.

2022 వేసవిలో కప్పు బాగు చేయించారు. ఇక్కడే ఇంకో చిక్కు వచ్చింది. ఈ ఇంటిది పాతకాలపు మద్రాసు మిద్దె. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, గానుగ సున్నంతో పూడ్చి, పైన బిళ్లలు పరిచినది. సున్నం తడి పీల్చుకుంటుంది, ఎండకు మళ్లీ వదిలేస్తుంది. దూలం ఎండకీ వానకీ కొంచెం కదిలినా తట్టుకుంటుంది. సున్నం పని చేసే మేస్త్రీ దొరకలేదో, ఖర్చుకు వెనకాడారో, దాని మీద సిమెంటు పోయించారు. కురవడం ఆగింది. కానీ అప్పటి నుంచి పై గదుల్లో రాత్రి పదకొండయినా కప్పు వేడి దిగుతూనే ఉంటుంది. పైన నేను రాసిన చల్లదనం ఇప్పుడు కింది గదులకే వర్తిస్తుంది. రెండేళ్లుగా ఆ సిమెంటు మీద సన్నటి బీటలు కూడా కనిపిస్తున్నాయి. బీటలో దిగిన నీరు ఇక పైకి ఆరే దారి లేదు, దూలానికే చేరుతుంది. ఇదీ చెప్పాను. రాసుకున్నారు.

లెక్క సంగతిలోనూ ఒక మార్పు వచ్చింది. కిందటేడు నుంచి గదులు యాప్‌లో కూడా పెట్టారు. యాప్‌లో తీసుకున్నవాళ్లకు మధ్యాహ్నం పన్నెండు గంటల నియమమే, ఎర్ర రిజిస్టరులో కాకుండా కంప్యూటర్లో ఎక్కిస్తారు. నేరుగా ఫోను చేసి వెళ్లేవాళ్లకే పాత లెక్క. మొన్న ఒక కర్నూలు కుటుంబం ఇది తెలియక, మెట్లు ఎక్కి దిగి వచ్చి, తడిబట్టలతో బయట అరుగు మీద కూర్చున్నారు. అదే ఇంట్లో అది చూడాల్సి వస్తుందని అనుకోలేదు. మేనేజరు గారికీ ఇష్టం లేదు, యజమాని కొడుకు నిర్ణయం అన్నారు.

వెయ్యి రూపాయల లోపు గదులకు 2022 జులైలో పన్నెండు శాతం పన్ను పడింది, 2025 సెప్టెంబరులో అది ఐదుకు తగ్గింది. అది లాడ్జివాళ్ల చేతిలోది కాదు.

ఇప్పుడు నన్నడిగితే? మీకు మోకాళ్లు బాగుంటే, ఏ వేళకు వస్తారో ఏ వేళకు పోతారో మీకే తెలియని పని మీద వస్తే, లిఫ్టు లేకపోయినా పరవాలేదనుకుంటే, ఇలాంటి పాత లాడ్జిని వెతుక్కోండి. గుడి చుట్టూ వీధుల్లో ఇంకా కొన్ని ఉన్నాయి. యాప్‌లో వద్దు, ఫోను చేయండి. అద్దె అడగకముందు లెక్క అడగండి. ఆలస్యంగా లేచి, ఒక రోజంతా గదిలోనే గడపాలని వచ్చేవాళ్లకు పెద్ద హోటలే మంచిది. అక్కడి స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీలు ఉన్నాయి, ఇక్కడ లేవు. అమ్మకు డెబ్బై ఆరు దాటాయి కాబట్టి అది నాకు చిన్న విషయం కాదు. నేను కూడా ఈ ఏడాది రెండుసార్లు, కింది గది దొరక్క, వేరేచోట దిగాను. రెండుసార్లూ అమ్మ వరండా కోసం అడిగింది.

వచ్చే నెల మళ్లీ పరీక్షలున్నాయి. నిన్న ఫోను చేశాను, కింద మూడో నంబరు ఆపి ఉంచుతామన్నారు. పై గది తప్ప ఇంకేదీ లేదంటే మాత్రం, వానలు వెనక్కి తగ్గేదాకా నేను తీసుకోను.